గ్యాస్ ఎక్కడికి పోద్దండీ?

*ఏసీ నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. కరెంటు బిల్లు ఏమీ తగ్గదు. వేసవి వచ్చిందంటే ఇంటింటా వినిపించే ఈ ఫిర్యాదుకు అసలు కారణాలేమిటి? డబ్బులు ఎక్కడ వృథా అవుతున్నాయి? ఈ వారం ముఖచిత్ర కథనం.*

విజయవాడ మొగల్రాజపురం. కొండను ఆనుకుని కట్టిన అపార్ట్‌మెంటులో అయిదో అంతస్తు. మధ్యాహ్నం రెండు దాటింది. కిటికీకి తడిపి కట్టిన దుప్పటి అరగంటకే ఎండి పెళపెళలాడుతోంది. పడగ్గదిలో ఏసీ మీద పద్దెనిమిది అంకె వెలుగుతోంది. దాని కిందే మంచం మీద కూర్చున్న మామ్మగారు మాత్రం విసనకర్ర వదల్లేదు.

మెకానిక్ కుర్రాడు వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పొద్దుటి నుంచి ఇది ఏడో ఇల్లట. మంచినీళ్లు తాగి సంచీ కింద పెట్టాడు.

“గ్యాస్ అయిపోయిందంట బాబూ. నిన్నొకాయన చూసి మూడు వేలవుద్దన్నాడు” అంది మామ్మగారు.

“గ్యాస్ ఎక్కడికి పోద్దండీ మామ్మగారూ? వంట సిలిండరా అయిపోడానికి?”

కుర్చీ లాక్కుని ఎక్కాడు. ఏసీ మూత ఎత్తి లోపలి జాలీ బయటికి తీసి కిటికీ వైపు పట్టుకున్నాడు. వెలుతురు ఇటు రాలేదు. వేలితో గీస్తే గీత పడింది. తర్వాత బాల్కనీలోకి వెళ్లాడు. ఔట్‌డోర్ యూనిట్ ఓ మూలన గోడకు నొక్కిపెట్టినట్టు ఉంది. పావురాలు రాకుండా ఎవరో ముందు వైపు రేకు అడ్డం పెట్టారు. పక్కన నీళ్ల డ్రమ్ము, పైన ఆరేసిన దుప్పట్లు. వెనక వైపు సన్నటి రేకుల మధ్య ఈకలు, దుమ్ము, ఎండిన రెట్ట. రేకు విప్పేశాడు, దుప్పట్లు తీయించాడు, స్విచ్చి కట్టేసి పైపుతో కడిగాడు. నల్లటి నీళ్లు బాల్కనీ నిండా పారాయి.

ముప్పావు గంట తర్వాత మామ్మగారు విసనకర్ర పక్కన పెట్టి దుప్పటి అడిగింది. గ్యాస్ గేజీ సంచీలోంచి బయటికి రానేలేదు. బిల్లు ఆరు వందలు.

ఇంటికొచ్చిన యంత్రం, రాని పరిచయం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నారు. ఇప్పుడు రోహిణి దాకా ఆగక్కర్లేదు, మార్చి నెలాఖరుకే రోళ్లు వేడెక్కుతున్నాయి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం పేర్లు ఏటా వాతావరణ వార్తల్లో ముందు వరుసలో ఉంటాయి. బెజవాడను బ్లేజ్‌వాడ అనడం పాత ముచ్చటే. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. ఇంట్లో గుండెజబ్బు మనిషో, మంచం పట్టిన ముసలివాళ్లో ఉంటే ఏసీ విలాసమా అవసరమా అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.

2019లో కేంద్రం ప్రకటించిన ‘ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్’ ప్రకారం అప్పటికి దేశంలో నూటికి ఎనిమిది ఇళ్లలోనే ఏసీ ఉంది. ఆ అంకె వేగంగా పెరుగుతుందని అదే పత్రం చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. వాయిదాల మీద మొదటి ఏసీ కొనే కుటుంబం ఇప్పుడు ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. తయారీ కూడా మన గడప దాకా వచ్చింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీలు తయారవుతున్నాయి.

రానిదల్లా ఆ యంత్రంతో పరిచయమే. మిక్సీ మొరాయిస్తే జారు తీసి చూస్తాం. ట్యూబ్‌లైటు వెలగకపోతే స్టార్టర్ తిప్పుతాం. ఏసీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి నోటా ఒకటే రోగం: గ్యాస్ అయిపోయింది. ఇంటావిడ అదే అంటుంది, వాచ్‌మన్ అదే అంటాడు, పక్కింటి రిటైర్డ్ ఇంజినీరు కూడా అదే అంటాడు. చాలాసార్లు అది తప్పు.

చేద అరగదు

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలో ఉన్న వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. బావిలోంచి నీళ్లు తోడినట్టు. ఇందులో చేద పని చేసేది గ్యాస్. గదిలోని కాయిల్ దగ్గర వేడిని నింపుకుంటుంది, కంప్రెసర్ లాగితే బయటి కాయిల్‌కి వెళ్తుంది, అక్కడ ఫ్యాను గాలికి వేడిని వదిలేసి ఖాళీగా తిరిగొస్తుంది. మళ్లీ నింపుకుంటుంది. రోజంతా ఇదే తిరుగుడు. ఎన్ని బిందెలు తోడినా చేద ఖర్చయిపోదు. గ్యాసూ అంతే. మూసి ఉన్న రాగి గొట్టాల్లో పదేళ్లయినా అదే గ్యాస్ తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం.

కాబట్టి ఏటా ఎండాకాలం ముందు గ్యాస్ పట్టించాలనే మాటకు అర్థం లేదు. ఏటా పట్టించాల్సి వస్తోందంటే ఏటా ఆ చిల్లును అలాగే వదిలేస్తున్నారన్నమాట.

మరి గ్యాస్ సరిగానే ఉంటే కూలింగ్ ఎందుకు రాదు? చేద బాగున్నా తోడే చోట అడ్డం ఉండొచ్చు, పారబోసే చోట అడ్డం ఉండొచ్చు, తాడు లాగే కంప్రెసర్‌కి సత్తువ చాలకపోవచ్చు. ఇంట్లో వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడింటిలోనే ఎక్కడో ఒకచోట తేలతాయి.

> మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు
>
> రిమోట్ మీద మంచుపువ్వు గుర్తు ఉందా? నీటిచుక్క కనిపిస్తే అది డ్రై మోడ్, ఫ్యాను బొమ్మ ఉంటే గాలి మాత్రమే. పిల్లల చేతిలో పడిన రిమోట్ వల్ల వచ్చే పిలుపులు తక్కువేం కావని మెకానిక్‌లు నవ్వుతూ చెబుతారు.
>
> జాలీలు తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేయాలి. రోడ్డు పక్క ఇళ్లలో, ఇంట్లో పెంపుడు కుక్క ఉన్నచోట వారానికోసారి.
>
> ఔట్‌డోర్ ఫ్యాను తిరుగుతోందా? కంప్రెసర్ చప్పుడు వస్తోందా? ఫ్యాను ముందు చెయ్యి పెడితే వేడిగాలి రావాలి. మామూలు గాలే వస్తుంటే గదిలోని వేడి అక్కడిదాకా చేరడం లేదు.
>
> నీళ్ల పైపు చూడండి. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో ఏసీ బాగా పనిచేస్తుంటే ఆ పైపులోంచి చుక్కలు ఆగకుండా పడతాయి. ఏప్రిల్ ఎండకు గాలి పొడిబారే హైదరాబాద్‌లో తక్కువ పడినా కంగారు పడక్కర్లేదు.

తోడే చోట అడ్డం

జాలీ వెనక సన్నటి అల్యూమినియం రేకులతో కాయిల్ ఉంటుంది. దాని వెనక పొడవాటి బ్లోయర్ తిరుగుతుంది. జాలీ కడగడం చాలామందికి తెలుసు. ఈ రెండింటినీ పట్టించుకునేవాళ్లు అరుదు. వంటింటి పోపు పొగ, అగరుబత్తి, దోమల మందు జిడ్డు, ఏసీ గదిలో వేసుకునే పౌడరు అన్నీ వెళ్లి ఆ తడి కాయిల్ మీదే పేరుకుంటాయి. బ్లోయర్ రెక్కల గుంటలు మెత్తటి మడ్డితో నిండిపోతే అది ఎంత వేగంగా తిరిగినా గాలి విసరదు. ఏసీ కింద నిలబడితే చల్లగానే అనిపిస్తుంది, మంచం దాకా మాత్రం రాదు.

గాలి తగ్గినకొద్దీ కాయిల్ ఇంకా చల్లబడి చివరికి మంచు కడుతుంది. మంచు కడితే ఉన్న కాస్త గాలీ ఆగిపోతుంది. చూసినవాళ్లేమో “ఐస్ కూడా పడుతోంది, కూలింగ్ ఎందుకు రావట్లేదు?” అని ఆశ్చర్యపోతారు. ఆ మంచును స్క్రూడ్రైవరుతో పొడవకండి, రాగి గొట్టానికి తగిలితే నిజంగానే గ్యాస్ పోతుంది. కూలింగ్ ఆపి ఫ్యాను మోడ్‌లో ఓ గంటో రెండు గంటలో నడపండి. కరిగాక జాలీ కడిగి మళ్లీ వేయండి. అయినా మంచు కడితే అప్పుడు మెకానిక్ పని.

పారబోసే చోట అడ్డం

నన్నడిగితే మన ఊళ్లలో అసలు గొడవ ఇక్కడే. ఇల్లు కట్టించేటప్పుడు పూజగదికి మూల చూసే మనం ఔట్‌డోర్‌కి చోటు చూడం. బిల్డరు వదిలిన ఇరుకు డక్టులో ఒకదాని మీద ఒకటి అయిదు అంతస్తుల ఔట్‌డోర్‌లు వేలాడుతుంటాయి. కింది ఇంటి యూనిట్ వదిలిన వేడిగాలిని పై ఇంటి యూనిట్ పీల్చుకుంటుంది. పై అంతస్తు ఆయన మాత్రం కంపెనీని తిట్టుకుంటూ ఉంటాడు.

ఔట్‌డోర్‌కి వెనక నుంచి గాలి లోపలికి రావాలి, ముందు నుంచి బయటికి పోవాలి. వెనక అరచేయి దూరమైనా ఉండాలి, ముందు వైపు ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. అందంగా కనబడాలని ముందు చెక్క పట్టీలు బిగించడం, పావురాల భయంతో సన్నటి వల చుట్టూ కట్టడం, వాన పడుతుందని సంచీ తొడిగి మరిచిపోవడం రోజూ కనిపించేవే. వాన పడినా దానికేం కాదు, అది బయట ఉండటానికే తయారైంది. ఎండ నేరుగా పడకుండా పైన చిన్న రేకు ఉంటే చాలు, పక్కలు మూయొద్దు.

హైదరాబాద్‌లో పావురాల బాధ వేరే. యూనిట్ వెనక గూడు కట్టి గుడ్లు పెడతాయి. ఆ పుల్లలు తీయడానికి ఇంటివాళ్లకు మనసొప్పదు, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగుదామంటారు. ఎగిరిపోయేసరికి మే నెల అయిపోతుంది.

తాడు లాగే సత్తువ

పాత రకం, అంటే ఇన్వర్టర్ కాని ఏసీ ఉన్న ఇళ్లలో ఈ దృశ్యం తప్పకుండా ఉంటుంది. ఏసీ వేస్తారు. బయట యూనిట్ ‘గుంయ్’ అంటుంది, ఇంట్లో లైటు ఓ క్షణం మందగిస్తుంది, నాలుగైదు సెకన్లకు ‘టక్’ మంటుంది. తర్వాత నిశ్శబ్దం. మూడు నాలుగు నిమిషాలకు మళ్లీ అదే. లోపల ఫ్యాను మామూలుగా తిరుగుతుంటుంది కాబట్టి “గాలి వస్తోంది, కూలింగ్ లేదు” అంటాం.

ఇందులో ఎక్కువసార్లు దోషి కెపాసిటర్. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా అది. ఆగి ఉన్న కంప్రెసర్ కదలడానికి కావాల్సిన ఊపు ఇచ్చేది అదే. ఎండకు, వోల్టేజీ తేడాలకు ఏళ్ల తరబడి ఉడికి ఉడికి దాని బలం తగ్గుతుంది. దాని మీద 35, 45, 50 మైక్రోఫారడ్ అని ఏదో ఒక అంకె ఉంటుంది. మెకానిక్ మీటరు పెట్టి కొలిస్తే అంతకు చాలా తక్కువ చూపిస్తుంది. ఒక్కోసారి మీటరు కూడా అక్కర్లేదు, పైమూత ఉబ్బి ఉంటుంది. కొత్తది కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు. దీన్ని చూడకుండానే కంప్రెసర్ పోయిందని తేల్చి పాత ఏసీని తక్కువ ధరకు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. అందుకే కంప్రెసర్ మాట ఎత్తగానే “కెపాసిటర్ మార్చి చూశారా?” అని అడగండి. మీరు మాత్రం దాని జోలికి పోవద్దు, స్విచ్చి కట్టేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

ఇన్వర్టర్ ఏసీల కంప్రెసర్‌కి ఈ కెపాసిటర్ ఉండదు. వాటికి పీసీబీ అనే ఎలక్ట్రానిక్ బోర్డు ప్రాణం. దానికి శత్రువులు వోల్టేజీ హెచ్చుతగ్గులు, బల్లి. వెచ్చదనం కోసం ఔట్‌డోర్‌లోకి దూరిన బల్లి బోర్డు మీద రెండు టెర్మినళ్ల మధ్య కాలిపోయి దొరకడం మెకానిక్‌లందరికీ అనుభవమే. బల్లి చావుకు ఇంటాయన వేలల్లో కడతాడు. వైర్లు లోపలికి పోయే కన్నాలు మూయించడానికి మాత్రం పెద్దగా ఖర్చు కాదు.

ఇంకొకటుంది. సాయంత్రం ఏడున్నర నుంచి పదకొండు మధ్య వీధిలో ఏసీలన్నీ ఒకేసారి మొదలవుతాయి. 230 వోల్టులు రావాల్సిన చోట 180 కూడా అందదు. పాత కంప్రెసర్ ఆ బలంతో కదలలేదు. పగలు బాగా పనిచేసి రాత్రి మాత్రమే మొరాయించే ఏసీని అనుమానించే ముందు స్టెబిలైజర్ మీద అంకె చూడండి. అలాంటప్పుడు ఫోన్ చేయాల్సింది మెకానిక్‌కి కాదు, విద్యుత్ శాఖకు.

> టన్ను కథ
>
> ఒకటిన్నర టన్ను ఏసీ బరువు ఒకటిన్నర టన్ను ఉండదు. యంత్రాలు లేని కాలంలో చల్లదనాన్ని మంచుగడ్డలతో కొలిచేవారు. ఒక అమెరికన్ టన్ను, అంటే దాదాపు 907 కిలోల మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని గదిలోంచి రోజులో లాగేస్తే అది ఒక టన్ను ఏసీ. గంటకు 12,000 బీటీయూలు. ఇప్పటి లెక్కలో సుమారు 3.5 కిలోవాట్లు.
>
> విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు 1902లో మొదటి ఆధునిక ఏసీకి రూపం ఇచ్చింది మనుషుల కోసం కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఓ ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరిగి పడుతున్నాయని, ఆ కాగితం కోసం.

గేజీ కూడా అబద్ధం చెబుతుంది

ఇక గ్యాస్ సంగతి. నిజంగా కారిపోయే సందర్భాలు ఉన్నాయి. ఏసీ బిగించేటప్పుడు రాగి గొట్టం అంచును సరిగా మలచకపోతే నట్టు దగ్గర సన్నగా కారుతుంది. ఏడాది తిరక్కుండానే గ్యాస్ తగ్గిందంటే అనుమానం అక్కడే. పాతబడ్డ కాయిల్‌కి సూదిమొన కన్నాలు పడతాయి. విశాఖ, కాకినాడ తీరంలో ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది. మురుగు కాలువల పక్కనుండే ఇళ్లలో ఆ కంపులోని రసాయనానికి రాగి నల్లబడి పాడవుతుంది. అలాంటి చోట రెండు మూడేళ్లకే కాయిల్ మార్చాల్సి వచ్చిన ఇళ్లున్నాయి.

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కాస్త బయటికొస్తుంది కాబట్టి కారే చోట జిడ్డు మరక, దాని మీద దుమ్ము కనిపిస్తాయి. ఔట్‌డోర్ పక్కన రెండు నట్లుంటాయి. టార్చి వేసి మీరే చూడొచ్చు. సన్న గొట్టం మీద మంచు కట్టినా అనుమానించాల్సిందే.

తెలిసి చేసేవాళ్లు తక్కువ, తెలియక చేసేవాళ్లు ఎక్కువ అయిన పొరపాటు ఒకటి ఇక్కడ ఉంది. జాలీ, లోపలి కాయిల్ దుమ్ముతో మూసుకుపోయి ఉన్నప్పుడు గేజీ పెడితే ప్రెషర్ తక్కువగానే చూపిస్తుంది. లోపలికి వేడి అందకపోతే గ్యాస్ పూర్తిగా ఆవిరవదు, అందుకని. ముల్లు కిందికి దిగి ఉండటం ఇంటాయన కూడా చూస్తాడు, నమ్ముతాడు. గ్యాస్ ఎక్కిస్తారు. ఉండాల్సిన దానికంటే ఎక్కువవుతుంది. నాలుగు రోజులు ఫర్వాలేదనిపిస్తుంది, ఆ తర్వాత కంప్రెసర్ వేడెక్కి ఆగిపోవడం మొదలవుతుంది. మూడు వేలు పెట్టి కొత్త రోగం కొనుక్కున్నట్టు. ముందు శుభ్రం చేయాలి, ఆ తర్వాతే గేజీ. ఈ వరుస తప్పితే ముల్లు చెప్పేది నమ్మడానికి లేదు.

అసలు పద్ధతి ఇలా ఉంటుంది. సబ్బు నురగ రాసి, అవసరమైతే నైట్రోజన్ ఎక్కించి చిల్లు వెతకాలి. దాన్ని మూయాలి. వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను అరగంటైనా లాగాలి. తర్వాత సిలిండర్‌ను కాటా మీద పెట్టి, ఔట్‌డోర్ మీద కంపెనీ అంటించిన రేకులో ఎన్ని గ్రాములని ఉందో అన్ని గ్రాములే తూకం వేసి పట్టాలి. ఒకటిన్నర టన్ను కొత్త ఏసీలో మామూలుగా కిలోకు అటూ ఇటుగా ఉంటుంది. బజారులో ఉల్లిపాయలు తూకం చూసి కొనే మనం గ్యాస్ మాత్రం “ఫుల్ చేశానండీ” అంటే డబ్బులిచ్చేస్తాం.

> ఏ గ్యాస్?
>
> పాత ఏసీల్లో ఆర్-22. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద తప్పుకుంటోంది. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ని వదిలేసినా భూమిని కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వేల రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్న ఆర్-32కి ఆ లెక్క 675 రెట్లు. ఆర్-290 అంటే ప్రొపేన్, దాని ప్రభావం అతి తక్కువ, కానీ బాగా మండుతుంది. ఆర్-32 కూడా కొంతవరకు మండే గుణమున్నదే. భూమిని వేడెక్కించే ఇలాంటి వాయువుల్ని తగ్గించేందుకు మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ 2016లో కుదిరింది, భారత్ 2021లో ఆమోదించింది.
>
> ఒక రకం గ్యాస్ ఉన్న ఏసీలో ఇంకో రకం పట్టకూడదు. సిలిండర్ మీద పేరు, ఏసీ రేకు మీద పేరు ఒకటేనో కాదో చూడండి.

ఏసీ బాగానే ఉంది, గదే వేడి

అన్నీ సరిగా ఉండి కూడా చల్లబడని గదులుంటాయి. కంపెనీ చెప్పే ఒకటిన్నర టన్ను సామర్థ్యం బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. రామగుండంలో 45 ఉన్న మధ్యాహ్నం అదే ఏసీ అంత వేడి తోడలేదు. పైగా ఆఖరి అంతస్తు అయితే పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వందా నూట ఇరవై చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలన్న లెక్క మధ్య అంతస్తుల వాళ్లకు. పడమటి గోడ, పై స్లాబు రెండూ ఉన్న గదికి అది సరిపోదు.

ఇలాంటి చోట ఏసీ మీద పెట్టే ఖర్చు కన్నా స్లాబు మీద పెట్టేది ఎక్కువ ఫలితమిస్తుంది. మన తాతలు వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టించేవారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ఇప్పుడు చెబుతున్నదీ దాదాపు అదే: ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత వేయండని. పడమటి కిటికీకి బయట వైపు వెదురు తడికో, మందపాటి తెరో ఉంటే మరీ మంచిది. లోపలి కర్టెన్ దాకా వచ్చాక ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే.

చాలామంది చేసే మరో పని పదహారులో పెట్టడం. అందువల్ల గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందంతే. కరెంటు పొదుపును చూసే కేంద్ర సంస్థ బీఈఈ 2020 జనవరి 1 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని దాని లెక్క. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఏసీలను 20-28 డిగ్రీల మధ్యకే పరిమితం చేస్తామన్నప్పుడు పెద్ద చర్చే నడిచింది. నా మట్టుకు పదహారు మీద అభ్యంతరం కరెంటు ఖర్చొక్కటే కాదు. పదహారులో పెట్టి నడిపే ఇంట్లో ఏసీ నీరసపడుతున్న సంగతి ఎవరికీ తెలియదు. ఇరవై ఆరులో పెట్టి సన్నగా ఫ్యాను వేసుకునే ఇంట్లో తేడా వారంలోనే పసిగడతారు.

తేడా కచ్చితంగా తెలుసుకోవాలంటే గది ఉష్ణోగ్రత చూపించే చిన్న థర్మామీటర్ చాలు, జ్వరం చూసేది కాదు. ఏసీ వేసిన ఇరవై నిమిషాల తర్వాత గాలి లోపలికి పోయే పైభాగం దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే చోట ఒకసారి చూడండి. రెండింటి మధ్య ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే, లోపం గదిది. ఆరుకు తగ్గితే యంత్రానిది. మెకానిక్ వచ్చి వెళ్లాక కూడా ఇదే కొలత తీయండి. డబ్బులిచ్చే ముందు తీస్తే ఇంకా మంచిది.

సజ్జ మీది మనిషి

మెకానిక్‌లను దొంగలుగా చూపించడం ఈ కథనం ఉద్దేశం కాదు. వాళ్ల లెక్క కూడా వినాలి. ఇంటికొచ్చి చూసినందుకు మూడు నాలుగు వందలిస్తే ఎక్కువ. అందులో పెట్రోలు, కంపెనీ కోత, హెల్పరు కూలీ పోవాలి. “శుభ్రం చేశాను” అంటే అయిదొందలు ఇవ్వడానికి గీసిగీసి బేరమాడే ఇల్లు, “గ్యాస్ పట్టాను” అంటే మూడు వేలు మాట్లాడకుండా ఇస్తుంది. గ్యాస్ కథ ఇంతకాలంగా నిలబడటానికి ఇంటివాళ్ల చేయి కూడా ఉంది.

ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ కోర్సు చదివి వచ్చేవాళ్లు కొందరే. ఎక్కువమంది మేనమామ వెనకో, ఊరి అన్న వెనకో సంచీ మోస్తూ నేర్చుకున్నవాళ్లు. 2019 కూలింగ్ ప్లాన్ లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. శిక్షణ లేనిచోట ప్రమాదం మామూలుగా ఉండదు. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్‌తో ప్రెషర్ పెడితే కంప్రెసర్ నూనెతో కలిసి పేలుతుంది. ఆర్-32 కారిన మూసిన గదిలో గొట్టం అతికే మంట వెలిగించడమూ అంతే.

వీటికంటే రోజూ ఎదురయ్యేది సజ్జ. నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టి, అడుగు వెడల్పు సజ్జ మీద నిలబడి, కాలిపోతున్న ఇనుప స్టాండును పట్టుకుని నట్లు విప్పే మనిషికి నడుముకు తాడు ఉండదు. సీజను మూడు నెలలే, రోజుకు ఎన్ని ఇళ్లు తిరిగితే అంత అన్నట్టు పరుగు. మనం కింద నుంచి “త్వరగా కానివ్వు బాబూ, పిల్లలు ఉడికిపోతున్నారు” అంటాం. ఔట్‌డోర్‌ను చెయ్యి అందే చోట బిగించుకుంటే యంత్రానికి సర్వీసూ సక్రమంగా జరుగుతుంది, ఆ మనిషి ప్రాణానికీ భయం ఉండదు. కొత్తగా ఏసీ పెట్టించుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో బిల్డరుతో గట్టిగా పోట్లాడండి.

బిల్లు తీసుకోండి. అందులో ఏ భాగం మార్చారో, గ్యాస్ పట్టి ఉంటే ఏ రకం, ఎన్ని గ్రాములో రాయించండి. పాత కెపాసిటరో, పాత బోర్డో మీ చేతికిమ్మనండి. వారంటీ కార్డులో కంప్రెసర్‌కి పదేళ్లని పెద్దక్షరాల్లో ఉన్నా, గ్యాస్‌కీ, కాయిల్‌కీ, బోర్డుకీ ఎన్నేళ్లో చిన్నక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. డబ్బు తీసుకుని పని చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మే నెల రెండో వారంలో ఫోన్ చేస్తే మెకానిక్ మూడు రోజులకు వస్తాడు, పావుగంటలో వెళ్లిపోతాడు. ఆ పావుగంటలో కాయిల్ కడగడానికి, చిల్లు వెతకడానికి తీరిక ఉండదు, గ్యాస్ గేజీ తీయడానికే ఉంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ వారమే పిలవండి. అప్పుడతనికి గంటన్నర కూర్చుని రెండు యూనిట్లూ విప్పి కడిగే వీలుంటుంది, సజ్జ ఇనుము చేతులు కాల్చదు, విడిభాగం కావాలంటే దుకాణంలో దొరుకుతుంది.